చిట్టీ, నేనూ, ఒక ఖాళీ బోర్డూ

బడి గుమ్మం మీద అంటించిన కాగితం చదివి అక్కడే ఆగిపోయాను. వేరుశనగ, బాదం, జీడిపప్పు తగిలిన తినుబండారాలేవీ లోపలికి తేవద్దని ఎర్రక్షరాల్లో రాసుంది. నా చేతిసంచిలో డబ్బా నిండా వేరుశనగ చిక్కీ. అయిదేళ్ళ మనవరాలు చిట్టిని పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఒక సదస్సులో కిమ్మనకుండా కూర్చోబెట్టడానికి నేను వేసుకున్న పథకమంతా ఆ డబ్బాలోనే ఉంది. మమ్మల్ని కారులో ఎక్కించుకొచ్చిన చిట్టి టీచరమ్మ నా మొహం చూసి సంగతి గ్రహించి, డబ్బాను తీసుకెళ్ళి కారు డిక్కీలో పెట్టి తాళం వేసొచ్చింది. కొందరు పిల్లలకి పల్లీ పొడి తగిలినా ఊపిరి మీదకొస్తుంది కాబట్టి అమెరికా బళ్ళలో ఈ జాగ్రత్త మామూలే. చిట్టి మాత్రం ఆ డిక్కీ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

అలా నిరాయుధురాలినై లోపలికి వెళ్ళాను.

అది నవంబరులో ఒక శనివారం. న్యూజెర్సీలో ఒక మిడిల్ స్కూలు. లోపల ఉన్నవాళ్ళందరూ బడిపంతుళ్ళు, పంతులమ్మలు. సెలవు రోజు పొద్దున్నే, ఎవరూ రమ్మని ఆర్డరు వేయకుండా, తమంతట తాము వచ్చినవాళ్ళు. ఆ మాట నమ్మడానికే నాకు కాసేపు పట్టింది.

నేను గుంటూరు జిల్లాలో ముప్ఫయ్యేడేళ్ళు పాఠాలు చెప్పి 2021లో రిటైరయ్యాను. 1984లో ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి, ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంటుగా దిగాను. ఇప్పుడు నా ఉద్యోగం అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో, ఆర్నెల్లకోసారి. అక్కడ పిల్లలున్న తెలుగిళ్ళకి ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు. విజిటర్ వీసా మీద దిగితే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆర్నెల్లు అమ్మ, ఆర్నెల్లు అత్త. ఒక వియ్యపురాలు దిగిన విమానంలో ఇంకో వియ్యపురాలు ఎక్కడం మా ఇళ్ళల్లో జోకు కాదు, క్యాలెండరు.

ఈ డ్యూటీలో ఒక చిత్రం ఉంది. విమానం దిగగానే మన పేరు పోతుంది. సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చునేవాళ్ళలో బ్యాంకు మేనేజరుగా చేసినామె ఉంది, తహసీల్దారుగా చేసినామె ఉంది, పాతికేళ్ళు నైట్ డ్యూటీలు చేసిన హెడ్ నర్సు ఉంది. అక్కడ అందరం స్ట్రోలరు పట్టుకున్న ఆడవాళ్ళమే. “మీకు ఎంతమంది మనవలండీ?” అని అడుగుతారు తప్ప “మీరేం చేసేవారండీ?” అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. హెడ్ నర్సుగారి సంగతి మూడో నెలలో, పిల్లవాడెవడో జారుడుబల్ల మీంచి పడి నుదురు చిట్లితే ఆవిడ లేచిన తీరు చూశాక తెలిసింది.

మా చిట్టి కిండర్‌గార్టెన్ టీచరు మాత్రం అడిగింది. రోజూ మూడింటికి గేటు దగ్గర పిల్లని అప్పగించేటప్పుడు నవ్వడం, తలూపడం, అంతే మా పరిచయం. ఒకరోజు చిట్టి చేతిలో పుల్లల బొమ్మ ఏదో చూసి ఎవరు చేశారంది. నేనే, సైన్సు టీచర్ని, ముప్ఫయ్యేడేళ్ళు చేశానన్నాను. ఆవిడ గొంతు మారిపోయింది. ఉపాధ్యాయులు ఉపాధ్యాయులతో మాట్లాడే గొంతు అది, ఏ దేశంలోనైనా ఒకటే. క్లాసులో ఎంతమంది ఉండేవారంది. అరవై మంది అన్నాను. ఆవిడ క్లాసులో పద్దెనిమిది మంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడే చెప్పింది, ఫలానా శనివారం ఎడ్‌క్యాంప్ అని టీచర్ల సదస్సొకటి ఉంది, మీరు తప్పకుండా రావాలని.

ఆ శనివారమే మా అమ్మాయికి ఆఫీసులో రిలీజు. అల్లుడు టెక్సాస్‌లో క్లయింటు దగ్గర. “అమ్మా, ఇంకోసారి వెళ్ళకూడదా?” అంది అమ్మాయి, పాపం అది అడగాల్సిన ప్రశ్నే. నేను పిల్ల కోసమే కదా వచ్చింది. కానీ అప్పటికి నాలుగు నెలలైంది నాతో ఒక్కరు పాఠం గురించి మాట్లాడి. ఆ రాత్రి నిర్వాహకులకి ఈమెయిల్ రాయించాను: నా వెంట అయిదేళ్ళ పిల్ల ఉంటుంది, రావచ్చా? తెల్లారేసరికి జవాబు వచ్చింది. రావచ్చు. ప్రత్యేకంగా పిల్లల గది ఏమీ లేదు. పిల్లని ఒంటరిగా వదలకూడదు, ఆడుకోవడానికి ఏదైనా తెచ్చుకోండి, అని రెండు షరతులు. మూడోది, చిక్కీ సంగతి, గుమ్మం దగ్గర తెలిసింది.

కాఫీ విరామం పెంచి పెద్దచేస్తే

హాల్లో గోడకి పెద్ద బోర్డు. అడ్డంగా గదుల నంబర్లు, నిలువునా టైములు. గళ్ళన్నీ ఖాళీ. సదస్సు మొదలైంది, కార్యక్రమం లేదు! ముఖ్య అతిథి లేడు, దండలు లేవు, జ్యోతి ప్రజ్వలన లేదు. ఒక బల్ల మీద రంగు రంగుల అంటుకునే కాగితాలు, స్కెచ్ పెన్నులు పెట్టారు. ఎవరికి ఏది మాట్లాడాలనుందో రాసి ఏ గడిలో కావాలంటే ఆ గడిలో అంటించాలి. అరగంటలో ఆ గోడే ఆ రోజు అజెండా అయిపోయింది. రుసుము లేదు. వస్తువులు అమ్ముకునే కంపెనీల స్టాళ్ళూ లేవు.

ఈ పద్ధతికి పెద్ద వంశవృక్షమే ఉంది. హ్యారిసన్ ఓవెన్ అని ఒక అమెరికన్, చదివింది మతశాస్త్రం, చేసింది సంస్థలకు సలహాలివ్వడం. 1983లో 250 మందితో ఒక అంతర్జాతీయ సదస్సు పెట్టడానికి ఏడాది పాటు చాకిరీ చేశాడు. అంతా అయ్యాక వచ్చినవాళ్ళూ తనూ ఒప్పుకున్నదేమంటే, అందులో బాగా పనికొచ్చినవి కాఫీ విరామాలేనని. ఏడాది చాకిరీలో ఆయన కష్టపడకుండా జరిగింది అదొక్కటే. అంతకు చాలా ఏళ్ళ ముందు లైబీరియాలో బలామా అనే పల్లెలో ఫొటోలు తీస్తూ ఆయన ఒక వేడుక చూశాడు. మగపిల్లలు పెద్దవాళ్ళయ్యే తంతు. నాలుగు రోజులు, 500 మంది జనం, ఒక్క ఏర్పాట్ల కమిటీ లేదు, అయినా అంతా సవ్యంగా జరిగింది. ఊళ్ళో తిరునాళ్ళు ఎలా జరుగుతాయో ఎరిగిన మనకి అదేమంత వింత కాదనుకోండి. ఓవెన్ ఆ రెంటినీ కలిపి 1985లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో 85 మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, అజెండా మీరే రాసుకోండన్నాడు. కొద్ది గంటల్లో రాసేసుకున్నారు. దానికి ‘ఓపెన్ స్పేస్’ అని పేరు. ఆయన 2024లో కన్నుమూశాడు.

తర్వాత కంప్యూటర్ వాళ్ళు అందుకున్నారు. 2003 నుంచి ఓరైలీ ప్రచురణ సంస్థ ‘ఫూ క్యాంప్’ నడిపింది, పిలిచినవాళ్ళే రావాలి. పిలుపు అందనివాళ్ళు ఊరుకోలేదు, 2005 ఆగస్టులో పాలో ఆల్టోలో ఎవరైనా రావచ్చంటూ ‘బార్ క్యాంప్’ పెట్టారు. ఫూ, బార్ అనేవి ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఉదాహరణల్లో వాడే ఉత్తుత్తి పేర్లు, మన లెక్కల పుస్తకాల్లో రాముడు, సోముడు లాగా. మరుసటి ఏడాదికల్లా అది ఢిల్లీకీ, చెన్నైకీ, హైదరాబాద్‌కీ వచ్చేసింది. ఫిలడెల్ఫియాలో బార్ క్యాంప్‌కి వెళ్ళొచ్చిన కొందరు టీచర్లు ఇది మనకెందుకు ఉండకూడదనుకుని 2010 మే నెలలో డ్రెక్సెల్ యూనివర్సిటీలో మొదటి ఎడ్‌క్యాంప్ నడిపారు. అక్కణ్ణుంచి ఊరూరా పాకింది. 2015లో గేట్స్ ఫౌండేషన్ 20 లక్షల డాలర్లు ఇచ్చిందంటే ఎంత దూరం పాకిందో ఊహించుకోవచ్చు.

నేను ఈ చరిత్ర అంతా తెలుసుకున్నది తర్వాత. ఆ క్షణంలో నా కళ్ళెదుట ఉన్నది ఒక ఖాళీ బోర్డు, దాని ముందు నిక్కి నిలబడ్డ చిట్టి. పసుప్పచ్చ కాగితం మీద ఒక పిల్లి బొమ్మ గీసి, తన చేతికి అందిన గడిలో అంటించేసింది. పీకబోయాను. అక్కడున్న కుర్రాడు వద్దన్నాడు. ఆ పిల్లి పదకొండున్నర, పన్నెండో నంబరు గది అన్న గడిలో మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. దానికి ఎవరైనా హాజరయ్యారో లేదో నాకు తెలీదు.

కాలికి బుద్ధి చెప్పడం

ఓవెన్ పెట్టిన నియమాల్లో ఒకదాని పేరు ‘రెండు కాళ్ళ సూత్రం’. కూర్చున్న చోట మీరు నేర్చుకునేదీ నేర్పేదీ లేదనిపిస్తే, లేచి ఇంకో గదికి నడవండి, ఎవరూ తప్పు పట్టరు. మనకి దీనికోసం కొత్త మాట అక్కర్లేదు, కాలికి బుద్ధి చెప్పడం అని ఎప్పట్నుంచో ఉంది. కాకపోతే మన దగ్గర అది పారిపోయేవాడి మీద వేసే నింద, అక్కడ అది మర్యాద.

ఉద్యోగంలో ఉండగా నేను వెళ్ళిన శిక్షణలు లెక్కపెట్టలేను. పొద్దున రిజిస్టరులో సంతకం, సాయంత్రం సంతకం, మధ్యలో పులిహోర పొట్లం. రిసోర్స్ పర్సన్ మాడ్యూల్ చదువుతూ ఉంటాడు, మనం అదే మాడ్యూల్ మన చేతిలో పట్టుకుని ఆయనకన్నా రెండు పేజీలు ముందుంటాం. ఆన్ డ్యూటీ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా కుర్చీలోంచి కాలు కదిలిందా, మెమో. అందుకని మొదటి గదిలో కూర్చున్నాక, ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగానే ఇద్దరు లేచి వెళ్ళిపోతుంటే నేను సిగ్గుపడ్డాను, వాళ్ళ తరఫున.

చిట్టికి ఆ సిగ్గు లేదు. హోంవర్కు ఎంతివ్వాలి అన్న చర్చలో పన్నెండు నిమిషాలు కూర్చుంది. పదమూడో నిమిషంలో “అమ్మమ్మా, పద” అంది, గుసగుసగా అనుకుని గట్టిగానే. పిల్లని ఒంటరిగా వదలకూడదని షరతు కదా. రెండు కాళ్ళ సూత్రం నా విషయంలో నాలుగు కాళ్ళ సూత్రమైంది. పిల్ల కాళ్ళు ఎటు పోతే నా కాళ్ళు అటు. క్లాసులో సెల్‌ఫోన్ల గురించి మాట్లాడుకునే గదిలో ఎనిమిది నిమిషాలు ఉన్నాం. అందులో నాలుగు నిమిషాలు అది బల్ల కింద ఉంది. పక్కన కూర్చున్న ఒక కుర్ర మాస్టారు కుర్చీ మెల్లగా జరుపుకుని దూరంగా వెళ్ళాడు. నాకు కోపం రాలేదు. వారమంతా పాతికమంది పిల్లలతో గడిపి, శనివారం పెద్దవాళ్ళతో మాట్లాడుకుందామని వస్తే, ఇక్కడా ఒక పిల్ల బూటు లేసు లాగుతోంది. ఆయన చిరాకు న్యాయమైనదే. పిల్లల్ని సభలకి తీసుకెళ్ళడం గురించి ముద్దుగా రాసేవాళ్ళు ఈ మాస్టార్ల సంగతి రాయరు.

అలా గది గదికీ తిరిగేవాళ్ళని ఓవెన్ తుమ్మెదలన్నాడు. ఒకచోట విన్నది ఇంకోచోట అంటిస్తారట. ఏ గదికీ పోకుండా వరండాలో కాఫీ కప్పుతో కూర్చునేవాళ్ళు సీతాకోకచిలుకలు. వాళ్ళ చుట్టూ ఎవరో ఒకరు చేరి ఊహించని మాటలు పుడతాయట. పదిన్నరయ్యేసరికి మేం వరండాలో చేరాం. చిట్టి నేల మీద బోర్లా పడుకుని రంగులేస్తుంటే, అటుగా వెళ్ళే ప్రతి ప్రాథమిక పాఠశాల టీచరూ ఒంగి చూసి ఆగింది. వాళ్ళు చిట్టితో మొదలుపెట్టి నా దగ్గరకొచ్చేవారు. చెవిటి పిల్లలకి సైన్సు చెప్పే ఒకావిడతో అరగంట మాట్లాడాను. ధ్వని పాఠం ఎలా చెబుతారమ్మా అంటే, బుడగని చేతులతో పట్టుకోమంటాను, పక్కన డప్పు కొడతాను, వేళ్ళకి తెలుస్తుంది అంది. ముప్ఫయ్యేడేళ్ళలో ధ్వని పాఠం ఎన్నిసార్లు చెప్పానో, బుడగ తట్టలేదు. పిల్ల లేకుండా వెళ్ళి ఉంటే నేను బుద్ధిగా ఏదో గదిలో చివరిదాకా కూర్చునేదాన్ని. ఆవిడ తారసపడేది కాదు.

ఓవెన్ చెప్పిన మిగతా నియమాలు మన పెద్దవాళ్ళ వేదాంతంలా ఉంటాయి. మొదలైనప్పుడే ముహూర్తం, జరిగిందే జరగవలసింది, అయిపోతే అయిపోయినట్టే. వచ్చినవాళ్ళే తగినవాళ్ళు అన్నది మాత్రం నాకు సగమే మింగుడుపడింది. వచ్చినవాళ్ళ మనసు కుదుటపరచడానికి అది మంచి మాటే. రానివాళ్ళ మాటేమిటి? శనివారం ఇంకో ఉద్యోగం చేసుకునే టీచరు, పిల్లని చూసుకునే దిక్కులేని టీచరు తగనివాళ్ళా? ఆ హాల్లో చంకలో పిల్లతో ఉన్న తల్లి ఒక్కతీ నాకు కనబడలేదు. వాళ్ళు ఇళ్ళల్లో ఉన్నారు.

చీర ఉయ్యాల

1989 నుంచి మన రాష్ట్రంలో బ్రిటిష్ సాయంతో ఏపీపీఈపీ నడిచింది, ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. ఆ తరం టీచర్లకి ఆరు సూత్రాలంటే చాలు, గుర్తొస్తుంది. చేసి నేర్చుకోవడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి తరగతి గోడల మీద ప్రదర్శించడం, అలా. దానితోపాటు టీచర్ సెంటర్లు వచ్చాయి. చుట్టుపక్కల బళ్ళవాళ్ళం ఒకచోట చేరి, ఎవరి క్లాసులో ఏం కుదిరిందో ఏం బెడిసిందో చెప్పుకునేవాళ్ళం. ఎడ్‌క్యాంప్ హాల్లో నిలబడి చుట్టూ చూస్తుంటే నాకు స్ఫురించింది ఆ సెంటరే.

1991 వేసవిలో అలాంటి ఒక శిక్షణకి మా అమ్మాయిని చంకనేసుకునే వెళ్ళాను. దానికప్పుడు ఏడాది నిండింది. అత్తగారికి ఒంట్లో బాగోలేదు, మా అమ్మ దగ్గర మా చెల్లెలి పురుడు. పక్క ఊరి బళ్ళో చేసే ఒకావిడ, నాకన్నా పదేళ్ళు పెద్ద, అక్కయ్యగారూ అని పిలిచేవాళ్ళం, తన సంచిలోంచి పాత నేతచీర తీసి వరండాలో కిటికీ ఊచకీ స్తంభానికీ కట్టి ఉయ్యాల వేసింది. ఆవిడకి పిల్లలు లేరు. ఎవరో ఒకరు పిల్లతో వస్తారని చీర వెంట తెచ్చుకునేదట. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని ఊపుతూ, నోట్సు రాసుకుంటూ ఉండేది. అయిదు రోజులూ అంతే. అప్పట్లో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. వీలు కల్పించారని కూడా ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే ఎవరూ ఏదీ కల్పించలేదు, ఒక చీర తప్ప.

ఇప్పుడు లోకం ఈ సంగతి మీద చర్చిస్తోంది, మంచిదే. 2018 సెప్టెంబరులో న్యూజీలాండ్ ప్రధాని జసిండా ఆర్డర్న్ మూణ్ణెల్ల పాపతో ఐక్యరాజ్యసమితి సభలో కూర్చున్న ఫొటో అందరం చూశాం. పాపకి సరదాగా గుర్తింపు కార్డు కూడా చేయించారు. అదే ఏడాది రెబెక్కా కలీసీ, తనలాగే తల్లులైన మరికొందరు శాస్త్రవేత్తలు కలిసి అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక వ్యాసం రాశారు. సరిగ్గా ఉద్యోగంలో నిలదొక్కుకునే వయసులోనే పిల్లలు పుడతారు, సరిగ్గా అప్పుడే సదస్సులకి వెళ్ళడం ఆగిపోతుంది, కాబట్టి సభాస్థలిలోనే పిల్లల గది పెట్టండి, లేదా దానికయ్యే ఖర్చివ్వండి, పాలిచ్చే గది ఉంచండి, చంకలో బిడ్డతో వస్తే హాల్లోకి రానివ్వండి అని. మన దగ్గర 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చని రాశారు. సదస్సుల ఊసు అందులో లేదు.

ఇన్నింటిలోనూ పిల్ల చెయ్యి పట్టుకున్నది తల్లి. అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్య ఎక్కడా లేరు. పెద్దవాళ్ళంటే పిల్లని పట్టుకుని ఇంట్లో ఉండేవాళ్ళు, తల్లి సభకి వెళ్ళడానికి వీలు చేసేవాళ్ళు అని లెక్క. వాళ్ళకీ ఒక సభ ఉంటుందని ఎవరికీ తోచదు. 2024 జులై నుంచి స్వీడన్‌లో ఒక ఏర్పాటు వచ్చింది: తల్లిదండ్రులు తమ సెలవు భత్యంలో 45 రోజుల దాకా, ఒంటరి తల్లో తండ్రో అయితే 90 రోజులు, అవ్వకో తాతకో బదిలీ చేయవచ్చు. మనవణ్ణి చూసుకోవడం పనే, దానికి డబ్బుంటుందని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. పార్కు బెంచీ మీద ఈ వార్త చదివి వినిపిస్తే తహసీల్దారుగారు “ఏరియర్సుతో సహానా?” అన్నారు.

పుల్లలూ, ట్యూబూ

వరండాలో ఆ చెవిటి పిల్లల టీచరే నన్ను తోసింది, మీరు కూడా ఒక కాగితం అంటించండని. ‘ల్యాబు లేకుండా సైన్సు’ అని రాశాను. పన్నెండుంబావుకి, ఏడో నంబరు గది.

నా సంచిలో చిక్కీ లేకపోయినా సైకిల్ వాల్వ్ ట్యూబు ఉంది. మన సైకిల్ షాపులో మీటరు లెక్కన అమ్మే సన్నటి రబ్బరు గొట్టం. చిట్టి కోసమని తెనాలి నుంచి పది మీటర్లు తెచ్చాను. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి అగ్గిపుల్లలకి కీళ్ళలా తొడిగితే ఏ ఆకారమైనా కట్టొచ్చు. ఇది అరవింద్ గుప్తా కనిపెట్టిన ఆట. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో ఇంజినీరుగా చేస్తూ, 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమానికి వెళ్ళినప్పుడు, అక్కడి సంతలో దొరికే వస్తువులతో చేశాడు. సంతలో దొరికేది న్యూజెర్సీలో దొరకదు, అది వేరే విషయం. బళ్ళోకి అగ్గిపుల్లలు తేకూడదు గనక పళ్ళు కుట్టుకునే పుల్లలు కొని, ముందురాత్రే చిట్టీ నేనూ కూర్చుని మొనలు కత్తిరించి పెట్టుకున్నాం.

అయిదుగురు వచ్చారు. చిట్టి అందరికీ పుల్లలు పంచింది, తలా ఏడు, ఎందుకు ఏడో దానికే తెలియాలి. చతురస్రం కట్టించాను. మూల పట్టుకుని నొక్కితే ఒరిగి చప్పిడైపోయింది. త్రిభుజం కట్టించాను. నొక్కినా కదల్లేదు. సరిగ్గా వంతెన దూలాల్లో త్రిభుజాలెందుకుంటాయో చెప్పబోతున్నాను, ఇద్దరు లేచారు. ఒకావిడ నవ్వి చెయ్యూపి మరీ వెళ్ళింది. సూత్రం తెలుసు, మర్యాద తెలుసు, అయినా గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ముప్ఫయ్యేడేళ్ళలో నా క్లాసులోంచి అలా ఎవరూ లేచి పోలేదు. పోనిచ్చానా అసలు? ఆ అరవై మందికీ కాళ్ళుండేవి కదా అని ఆ పూట మొదటిసారి అనిపించింది.

సర్దుకుని మళ్ళీ వంతెన దగ్గరికొచ్చేసరికి చిట్టి కొంగు లాగింది. “అమ్మమ్మా, ఒంటికి.”

ఇంట్లో ‘పాటీ’ అనే పిల్ల, నేను నేర్పిన మాట సమయానికి వాడింది. ఆపుకోమనే వయసు కాదు, ఒంటరిగా పంపడానికి లేదు. మిగిలిన ముగ్గురికీ క్షమించమని చెప్పి బయటికి నడిచాను. బాత్రూము ఆ చివర. అక్కడ చెయ్యి పెడితే దానంతటదే వచ్చే నీళ్ళు, చెయ్యి పెడితే వచ్చే గాలి. అదంతా చిట్టి శాస్త్రీయంగా నాలుగుసార్లు పరీక్షించింది. తిరిగొచ్చేసరికి పది నిమిషాలు దాటింది. గది ఖాళీ అయ్యుంటుంది, పుల్లలు ఏరుకుని వెళ్దామనుకుంటూ తలుపు తీశాను.

లోపల ఏడుగురున్నారు. ముగ్గురు మిగిలారు, నలుగురు కొత్తగా చేరారు. తెల్లబోర్డు దగ్గర ఒక లెక్కల మాస్టారు నిలబడి నా త్రిభుజాన్ని చేత్తో పట్టుకుని చెబుతున్నాడు. మూడు భుజాల పొడవులు ఖాయమైతే త్రిభుజం ఒక్కటే కుదురుతుంది, నాలుగు భుజాల పొడవులు ఖాయమైనా చతుర్భుజాలు ఎన్నో కుదురుతాయి, అందుకే అది ఒరుగుతుంది, ఇది ఒరగదు. మనం తొమ్మిదో తరగతిలో చెప్పే భు-భు-భు సర్వసమానత్వమే. నేను దీన్ని ఎప్పుడూ వంతెన వైపు నుంచే చెప్పాను, మా బళ్ళో నా పక్క గది లెక్కల మాస్టారు బోర్డు మీద నుంచి చెప్పాడు. ఇరవై ఏళ్ళు మా ఇద్దరి మధ్యా ఒక గోడ.

ఎవరూ నన్ను ముందుకి రమ్మనలేదు. నేనూ వెళ్ళలేదు. చివరి వరసలో చిన్నపిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాను, చిట్టి నా ఒళ్ళో. ఒకతను ట్యూబు ముక్కకి చిల్లి పొడిచి మూడో పుల్ల దూర్చి మూడు పుల్లల కీలు తనంతట తనే కనిపెట్టేశాడు. అది నేను చెప్పాల్సింది. చెప్పకపోతేనే బాగుంది. మరో రెండు నిమిషాలకి చిట్టి నిద్రపోయింది, నోరు తెరుచుకుని, ఒక చేతిలో పిరమిడ్‌తో.

భోజనాల దగ్గర నిర్వాహకుల్లో ఒకావిడ పక్కన కూర్చుంది. వచ్చేసారి పిల్లల కోసం ఒక గది పెడదామనుకుంటున్నారట, మీరేమంటారంది. గది పెట్టండి, కానీ తప్పనిసరి చేయకండి అన్నాను. కొందరు పిల్లలు కొత్తవాళ్ళ దగ్గర ఉండరు. వరండాలో చాప పరవండి, అందరూ నడిచే దారిలో. నా బోటివాళ్ళకి బాత్రూము పక్క గది ఇవ్వండి. ఈమెయిల్‌కి ముందే, ప్రకటనలోనే రాయండి పిల్లని తేవచ్చని, అడగడానికి మొహమాటపడేవాళ్ళు అడగకుండా ఇంట్లోనే ఉండిపోతారు. మూడేళ్ళ లోపు పిల్లయితే నేను తెచ్చేదాన్ని కాదని కూడా చెప్పాను. ఆవిడ ఇదంతా రాసుకుంది. నా మాట ఎవరైనా రాసుకుని చాలా కాలమైంది.

వెళ్ళేటప్పుడు హాజరు సర్టిఫికెట్లు ఇచ్చారు, అయిదు గంటల వృత్తి శిక్షణ అని. పేరు దగ్గర ఖాళీ, మనమే రాసుకోవాలి. చిట్టికీ ఒకటిచ్చారు. అది నిద్రమొహంతోనే తన పేరు ఎర్ర రంగుతో, మూడో అక్షరం తిరగేసి రాసుకుంది. డిక్కీలోంచి చిక్కీ డబ్బా తీసి ఇస్తే ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు.

రెండు సర్టిఫికెట్లూ మా అమ్మాయి ఫ్రిజ్ మీద అంటించింది. ఆ ఫొటో తీసి మా రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మన వాళ్ళకి అది రాత్రి. అయినా క్షణాల్లో మొదలెట్టారు. టీఏ ఎంతిచ్చారు? భోజనం ఏం పెట్టారు? శనివారానికి బదులు సెలవిస్తారా? సర్టిఫికెట్ మీద డీఈవో సంతకం లేదేంటి?

అక్కయ్యగారు ఆ గ్రూపులో ఉన్నారు కానీ ఎప్పుడూ ఏమీ రాయరు, చూపు ఆనదు. ఆ పూట ఆవిడ గొంతు మెసేజ్ ఒకటి వచ్చింది, నాలుగు సెకన్లు.

“ఉయ్యాల ఎక్కడ కట్టావే?”